పడావు పడని పెండ్లి

అల్ ఖోర్ క్యాంప్,
3 అక్టోబర్ 2021

మనవాకిలి వీడియో కంపెనీ మేడంకు బుచ్చన్న శనార్థులు.

మీకు ఫోన్ చేస్తే పాటొస్తుంది గని మనిషి వస్తలేడు. అందుకే కాయిదం రాసి బస్ డ్రైవర్‌కు ఇచ్చిన. వరల్డ్ కప్ స్టేడియం పనుందని మా బిడ్డ గంగామణి పెండ్లికి లీవ్ 'మాఫీ', లేదు పో అన్నరు. మీరు లైవ్ పెడితే క్యాంప్‌ల కూసుండి చూసిన. ఆ వీడియో మీ తాననే ఉన్నది. ఏదో పెద్ద అమెరికా కంపెనీ మిమ్మల్ని కొంటుందట గదా? కొంటే నా బిడ్డ పెండ్లి ఏమైతది? నేను బిడ్డ పెండ్లి చూసింది గండ్లనే.

ఇట్లు,
బుచ్చన్న

మరిచిన: 'ఏంగాదు' అని రాయకుండ్రి. గా మాట అన్నప్పుడల్ల ఏదో ఒకటి అయింది.

దోహా,
7 అక్టోబర్

బుచ్చన్న గారికి వందనాలు.

ఎనిమిదేళ్ళలో ఈ ఆఫీసుకు కాగితం మీద ఉత్తరం రావడం ఇదే మొదలు. ఏ ఫైల్లో పెట్టాలో తెలియక నా బల్ల మీదే ఉంచుకున్నాను.

కొంటారో లేదో నాకు తెలియదు. ప్రపంచ కప్ దగ్గరపడే కొద్దీ అందరూ అందర్నీ కొనేస్తున్నారని పక్క సీటు సాలమన్ అంటాడు. మొన్న మేనేజరుగారు నా పేరు సరిగ్గా పలికారు. అప్పటినుంచీ నాకూ అనుమానంగానే ఉంది. మామూలుగా కొన్నవాళ్ళు ఎవరూ చూడని వీడియోలు తీసేస్తారు, చూసేవి ఉంచుతారు. అంతకు మించి ధైర్యం చెప్పలేను.

సుకుమారి,
వీక్షకుల విభాగం (అంటే నేనొక్కదాన్నే)

తా.క.: మీ అమ్మాయి పెళ్ళి చూశాను. పసుపు చొక్కా ఆయన మూడు బంతుల్లోనూ భోంచేశాడు. ఎవరాయన?

అల్ ఖోర్,
15 అక్టోబర్

మేడంకు దండాలు.

అసలు సంగతి చెప్పిండ్రు. మా దిక్కు భూమి సుత గంతే. దున్నినన్ని రోజులు ఎవడు ముట్టడు, బీడై పడావు పడ్డదో, కబ్జా. అందుకే పెండ్లిని పడావు పెడ్తలేం. మెస్ టీవీల అదే, నాలుగు వందల ఫోన్లల్ల అదే. డ్యూటీకి పోయేటోడు వచ్చినోనికి అప్పజెప్పి పోతుండు. నేపాలోళ్ళు అప్పగింతల కాడ ఏడుస్తున్నరు. కేరళ కుక్ పప్పుల ఉప్పెక్కువైందంటుండు, చూసి!

ఇగ మీరు నిమ్మలంగ ఉండుండ్రి.

బుచ్చన్న

మరిచిన: పసుపంగి మా వియ్యంకుని తమ్ముడు భూమేష్. ఆయన తెరమీదికొస్తే క్యాంప్‌ల ఈలలు.

దోహా,
11 నవంబర్

బుచ్చన్న గారూ,

దయచేసి ఆ చూడటం ఆపించండి. మీ అల్ ఖోర్ వైపు మా వీక్షకులు నెలలో వంద రెట్లయ్యారని కొనేవాళ్ళకు తెలిసిపోయింది. వదంతి కాస్తా నిజమైంది. ముగ్గురు సూటువాళ్ళు వచ్చి, ఈ కార్యక్రమం రహస్యమేమిటని నన్నే అడిగారు. ఒక తండ్రి అని చెబుదామనుకుని, పరిశీలిస్తున్నాం అన్నాను. నిజం చెబితే బేరం పోయి కంపెనీ మూతపడుతుందేమో. చెప్పకపోతే మీ పెళ్ళి వాళ్ళ చేతికి. ఏది న్యాయమో తేలక మూడు టీలు తాగాను. తేలలేదు.

సుకుమారి

తా.క.: రెండో భాగం ఎప్పుడని అడిగారు.

అల్ ఖోర్,
19 నవంబర్

మేడం,

చూస్తే అమ్ముతరు, చూడకుంటే తీసేస్తరు. క్యాంప్‌ల మీటింగ్ పెట్టినం. చూసుడే అన్నరు అందరు. ఎవని చేతిల ఉన్నా కండ్ల ముంగటుంటే చాలు.

బుచ్చన్న

మరిచిన: గంగామణికి నెల తప్పిందట. రెండో భాగం శ్రీమంతం అని చెప్పుండ్రి.

అల్ వక్రా,
20 డిసెంబర్

బుచ్చన్న గారికి,

కొన్నారు. పైన ఊరు మారింది చూశారుగా, ఇది మా ఇల్లు. ఎవరూ చూడనివన్నీ తీసేశారు. వాటిలో వీక్షకుల విభాగం ఒకటి. ఎనిమిదేళ్ళు నేనేం చేశానో చూసినవాళ్ళు లేరు కనుక వాళ్ళని తప్పు పట్టలేను. మీ అమ్మాయి పెళ్ళి మాత్రం మొదటి పేజీలో ఉంది. ఆ రోజు నిజం చెప్పాల్సిందా అని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

సెలవు.
సుకుమారి

తా.క.: దీనికి జవాబు అక్కర్లేదు.

అల్ ఖోర్,
31 డిసెంబర్

చెల్లె సుకుమారికి అన్న బుచ్చన్న రాసేది.

పెండ్లి పదిలం. కాకుంటే తాళి కట్టే కాడ ఆపి ఫుట్‌బాల్ బూట్ల ప్రకటన ఏస్తున్నరు. అల్లుడు తాళి పట్టుకొని ఆగుతుండు, పాపం. ఫోన్ చేస్తే గా పాట సుత వస్తలేదు.

నిన్ను ఎవరు చూడలేదంటే మావోళ్ళు ఊకుంటలేరు. శుక్రవారం డ్యూటీ ఉండది. మెస్ టీవీ బంద్ చేసి నీ ఉత్తరాలు మొదటిసంది చదువుకుంటున్నం. మా రూంల ఉండే సురేందర్ హిందీల చెప్తడు. మూడు టీల కాడ నేపాలోళ్ళు గూడ నవ్వుతున్నరు. నిన్ను సుత పడావు పడనియ్యం.

నీ అన్న,
బుచ్చన్న

మరిచిన: జవాబు అక్కర్లేదన్నవు. నాలుగు వందల మందిమి బస్ డ్రైవర్ దిక్కే చూస్తున్నం.