కూలర్ పెట్టాలంటే గార్డు తీయాలి

మంగళవారం, రాత్రి.

బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఉద్యోగానికి వెళ్లిరావడానికి నా పాత మోటార్ సైకిలే కావాలని బిడ్డ శైలజ అడిగిన రోజు నుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు. కొత్త స్కూటీ కొనిస్తానన్నా వద్దంది, నా బంగారుతల్లి. ఆ సంతోషం ఈరోజుతో ఆవిరైపోయింది.

ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఇంజన్ కాగిపోయి బండి మళ్లీ ఆగిందట. లారీల మధ్య నుంచి ఒక్కతే పక్కకు తోసుకొచ్చిందట. సాయంత్రం ఇద్దరం మెకానిక్ యాదగిరికి చూపించాం.

"ఆయిల్ కూలర్ పెడితే ఇంజన్ సల్లగుంటది కాకా. గని ముంగట జాగ లేదు, గా లెగ్ గార్డు తీసెయ్యాలె."

"తీసెయ్ అన్నా" అంది శైలజ.

ఆ గార్డే లేకపోతే, సాగర్ రింగ్ రోడ్డులో ఆటో గుద్దిన రోజే నా కాలు పోయేది. వద్దన్నాను.

"గట్లయితే రోజూ తోసుకుంటనే రావాల్నా, బాపు?"

గార్డు తీస్తే బిడ్డ కాళ్లకు భయం, తీయకపోతే లారీల మధ్య ఆగుతుందని భయం.

కూలర్ పెట్టించకుండానే ఇంటికొచ్చాక, శైలజ బండి తాళంచెవి మేకుకు తగిలించి, "రేపట్నుంచి బస్సుల పోత తియ్" అంది. కోపంగా అన్నా ఇంత బాధ ఉండేది కాదు. నవ్వుతూ అంది. పుట్టినప్పటి నుంచి అది నోరు తెరిచి నన్ను అడిగింది ఆ బండి ఒక్కటే. ఇచ్చిన చేత్తోనే లాక్కున్నాను.