పలకల దగ్గు

మంగళవారం రాత్రి, మార్కాపురం

జిమ్‌లో ఎవరు చేరినా గుండెనొప్పి, బీపీ, దగ్గు, ఆయాసం ఉన్నాయా అని ముందే అడుగుతాను. ఈరోజు చేరిన ఖాసిం అన్నిటికీ లేదన్నాడు. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే కుర్రాడు. కానిస్టేబుల్ పరుగు పరీక్షకు తయారుచేయమని వచ్చాడు.

ట్రెడ్‌మిల్ ఎక్కిన కాసేపటికే దగ్గు తెర వచ్చి, కిందికి దిగి కూలబడ్డాడు.

"దగ్గు లేదన్నావు కదరా!" అని కసిరాను.

"ఇది రోగమా ఏందన్నా? మా ఫ్యాక్టరీలో అందరికీ ఉండేదే గదా," అని నవ్వాడు.

అబద్ధమాడలేదు వాడు. ఈ ఊళ్లో పుట్టి కూడా అడగడం చేతకాని నా మీద నాకే ఒళ్లు మండింది.

ఎక్స్‌రే తీయించుకునేదాకా పరుగు వద్దన్నాను. నవ్వు ఆగిపోయింది.

"వద్దంటే మళ్లా ఆ దుమ్ములోకే పోవాలన్నా. బయటపడేదానికి నాకు ఇదొక్కటే దారి."

రేపు పొద్దున్నే వస్తానని పోయాడు. రావద్దని అనలేకపోయాను.

పరుగెత్తిస్తే వాడి ఊపిరితిత్తులు ఏమవుతాయో నాకు తెలియదు. వద్దని ఫ్యాక్టరీకి పంపిస్తే ఏమవుతాయో మాత్రం తెలుసు. మా నాయనను చూసినవాణ్ణి.