ఎర్ర విండో మీద ‘జాగర్త’

గరాచర్మ, మంగళవారం

రెండే రెండు కమాండ్లు! ఆఫీసు సర్వర్‌కి కమాండ్లిచ్చే టెర్మినల్ విండో ఎర్రగా మారిపోయింది, పైన నేను పెట్టిన తెలుగు పేరు వచ్చి కూర్చుంది: ‘జాగర్త’. మొన్న అది నా సొంత కంప్యూటర్ విండో అనుకుని సర్వర్‌లో ఫైళ్లన్నీ చెరిపేయబోయాను. ఈ ఎరుపు చూశాక కూడా పొరబడతానా, ఏమో...

సాయంత్రం అమ్మకి చూపించాను. సండే స్కూల్లో తెలుగు నేర్పే మనిషి కదా, పడీపడీ నవ్వింది.

“అరే, ‘జాగ్రత్త’ అని రాయాలే పిచ్చిదానా! ‘జాగర్త’ అని ఎవరు నేర్పారు నీకు?”

“నువ్వే! రోజూ గేటు దగ్గర నిలబడి ‘బస్సు చూసుకొని ఎక్కు, జాగర్త’ అనవా?”

“అయితే ఠీక్ హై, ఉండనీ” అంది.

నేను దాన్ని దిద్దలేదు. సరిగ్గా రాస్తే అమ్మ గొంతు వినపడదు.