బస్తాల గడిలో లాభం

తాండూరు

వర్షితా,

నానమ్మ వేలు జారిందని ఫోన్‌లో తేల్చేశావు. జారలేదు. పప్పుమిల్లు లెక్కల కోసం నువ్వు కంప్యూటర్‌లోకి మార్చిన పట్టికలో బస్తాల గడి అంకెలు తప్ప అక్షరాలు పుచ్చుకోదు. నేను కొట్టి చూశాను, ఎర్రగా మొహం మాడ్చుకుంది.

అయినా రోజూ పొద్దున తెరిచేసరికి మొదటి గడిలో ఒకటికి బదులు "లాభం" అని ఉంటోంది. మన మిల్లులో కందుల బస్తాలు లెక్కపెడుతూ ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేది మీ తాత ఒక్కడే. బతికుండగా కంప్యూటర్ ముట్టని మనిషి, పోయాక నేర్చుకున్నట్టున్నాడు.

"గిట్ల రాయకు, మిషిన్ తీస్కోదు" అని నిన్న తెరతో గట్టిగానే అన్నాను. ఈ పొద్దున రెండో గడిలో ఆయన పాత మాటే ఉంది: "నీకేం ఎరుక, ఊకో."

శనివారం వచ్చి ఆ గడులకు తాళం వేస్తానన్నావు. వేయకు. వికారాబాద్‌లో బాగుచేయడానికిచ్చిన నా కళ్లద్దాలు మాత్రం తీసుకురా. మూడో గడిలో అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి.