నాలుగో పేజీలో ఊపిరి గుర్తులు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఈ మాట అలవాటు కొద్దీ చెయ్యి రాసింది, పెద్దగా పట్టించుకోకు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమంగానే ఉన్నాం. మీ బావకి మోకాలి నొప్పి తగ్గింది, నాకు నీ మీద కోపం తగ్గలేదు. అంతకుమించి ఇంట్లో విశేషాలేమీ లేవు. నువ్వు అక్కడ కులాసాగా ఉన్నావనే తలుస్తాను. లేకపోయినా నాకు చెప్పవు కదా.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఏడు నెలల తర్వాత సొంత అక్కకి రాసిన ఉత్తరంలో పలకరింపు ఒక ముక్క, ప్రశ్నలు మూడు. బీమా కంపెనీ నోటీసు కూడా ఇంతకంటే ఆప్యాయంగా ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే గొడవవుతుందని రాస్తున్నానన్నావు. రాస్తే గొడవ అవదని నీకెవరు చెప్పారు?

సరే, అడిగినవాటికి జవాబులు చెబుతాను. "నేను పెట్టి వచ్చిన వాయిద్యాల శాంపిల్స్ సరిగ్గా పనిచేస్తున్నాయా?" అన్నది మొదటిది.

నువ్వు రైలెక్కే ముందు రోజు మధ్యాహ్నం ఏం చేశావో గుర్తుందా? నేను సంగీతం రాసుకునే కంప్యూటరుకి హార్డ్ డిస్క్ ఒకటి తగిలించావు. "ఇందులో ఆర్కెస్ట్రా మొత్తం ఉంది. ఒక్కో వాయిద్యం మీద ఒక్కో స్వరం మనుషుల చేతే వాయించి రికార్డు చేశారు. నువ్వు రాసింది రాసినట్టు ఇదే వాయించి పెడుతుంది. ఇక గురువారం గురువారం నన్ను పిలవక్కర్లేదు. నీకు కావలసింది తమ్ముడు కాదక్కా, వాయిద్యం. ఇదిగో, తీసుకో" అన్నావు. పదిహేనేళ్ళు ప్రతి గురువారం నా బల్ల పక్కన ఆ కాలు ఊగే కుర్చీలో కూర్చుని, నువ్వు ఊదే ఓబో కోసం నేను రాసిన ప్రతి వరసా వాయించి వినిపించినవాడివి. పెద్ద ఆర్కెస్ట్రాలో కొలువు దొరకగానే ఏరు దాటి తెప్ప తగలేశావు. మీ బావ ఇప్పటికీ ఓబోని నల్ల గొట్టం అనే అంటాడు. ఆ రోజు మాత్రం, "నల్ల గొట్టం వాడికి నాలుక కూడా నల్లదేనే" అన్నాడు.

నువ్వు వెళ్ళాక ప్లే నొక్కితే ఆర్కెస్ట్రాలో అందరూ పియానో వాయించారు. వయొలిన్ వరసలో పియానో, బాకా వరసలో పియానో, డప్పులు కూడా పియానోనే. ఒక్కో వరసకి దాని శబ్దాన్ని విడివిడిగా తగిలించాలని నువ్వు చెప్పలేదు. రెండు రోజులు కూర్చుని తగిలించాను. తర్వాత వయొలిన్లు మూగబోయాయి. తెర మీద గీత కదులుతూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. పళ్ళు పీకే మీ బావ వచ్చి తొంగిచూసి, "ఇదేంటే, ఈ మీట సున్నా దగ్గర పడుంది, పైకి తోస్తే పోలా?" అని తోశాడు. కిటికీ అద్దాలు అదిరాయి. పక్కింటావిడ గోడ మీద కొట్టింది. అలా నానా తంటాలూ పడ్డాక పనిచేసింది. ఇది నీ మొదటి ప్రశ్నకి జవాబు.

ఇంకొకటి. తెర అంచున పసుపు కాగితం ఒకటి అంటించి పోయావు. "ఓబోకి ఊపిరి గుర్తులు పెట్టడం మరచిపోకు" అని. అది చదవగానే నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళుగా సంగీతం రాస్తున్నదానికి, తాతకు దగ్గులు నేర్పినట్టు! చింపి బుట్టలో వేశాను. అసలు సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. గీతల పైన కామాలా ఉండే ఆ గుర్తు, ఊదేవాణ్ణి అక్కడ ఊపిరి తీసుకోమని చెప్పే ఆ గుర్తు, నేను జీవితంలో ఒక్కసారి కూడా పెట్టలేదు. నువ్వు వాయించేవాడివి, ఎక్కడో ఆగేవాడివి, ఆగిన చోట నీ పెన్సిల్‌తో గీసేవాడివి. నేను ఆ పక్కనే కూర్చుని తర్వాతి పేజీ గురించి ఆలోచించేదాన్ని.

నీ డిస్కులోని ఓబోకి ఆగే అవసరం లేదు. నేను ఎంత పొడుగు వరస రాస్తే అంత పొడుగూ ఊదింది. విసుక్కోలేదు, నీళ్ళు తాగొస్తానని లేవలేదు, "అక్కా, నేను మనిషిని" అనలేదు. నీ మీద కసితో నేనూ సాగదీశాను. నాలుగో పేజీలో ఆ వరస డెబ్భై సెకన్లు ఎక్కడా తెగకుండా పోతుంది. నేను రాసినవాటన్నిటిలో అదే అందమైనది. నాకా సంగతి ఒప్పుకోవడం కష్టంగా ఉంది.

ఇక రెండో ప్రశ్న. "నీ కొత్త రచనలో ఒంటరిగా వాయించే సోలో నాకెలా వచ్చింది? నువ్వు సిఫారసు చేశావా?" అని అడిగావు. మీ ఆర్కెస్ట్రా ముందు పుల్ల పట్టుకుని నిలబడే పెద్దాయన, మనం పుల్లాయన అని చెప్పుకునే ఆయన, నీ ఏడాది గడువు ముగిసేలోగా నిన్ను ఉంచాలో పంపాలో ఈ సోలో విని తేలుస్తానన్నాడని రాశావు. అందరి ముందూ నీ భుజం తట్టి, "ఆ రికార్డింగులో డెబ్భై సెకన్లు ఒక్క ఊపిరిలో ఎలా లాగావయ్యా?" అన్నాడని కూడా రాశావు. నేను సిఫారసు చెయ్యలేదు తమ్ముడూ. అంతకంటే చెడ్డ పని చేశాను.

నీ మూడో ప్రశ్న అదే కదా. "వాళ్ళు విన్న రికార్డింగు ఏది? అది నేనెప్పుడు వాయించాను?"

నువ్వు వాయించలేదు. అది నీ డిస్కు. నా రచన మీ ఆర్కెస్ట్రాకి పంపేటప్పుడు వాళ్ళ ఫారంలో "సోలో వాయించినవారు" అని ఒక గడి ఉంది. అందులో నీ పేరు రాశాను.

అలవాటు కొద్దీ రాశానని చెప్పుకుందామని ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అలవాటు కాదు, తెలిసే రాశాను. ఆ వరస నువ్వు ఊదలేవని నాకు తెలుసు. బుగ్గల్లో గాలి దాచుకుని ఊదుతూ ముక్కుతో పీల్చుకునే విద్య నీకు అబ్బలేదు. చిన్నప్పుడు ప్రయత్నించి కళ్ళు తిరిగి నా ఒళ్ళోనే పడ్డావు. వాళ్ళు నిన్ను నిలబెడతారు, సగంలో నీ ఊపిరి తెగుతుంది, నల్ల గొట్టం సంచిలో పెట్టుకుని నా గుమ్మంలోకొచ్చి "అక్కా, ఇది మార్చి రాయి" అంటావు అనుకున్నాను. నువ్వలా రావడం ఎన్నిసార్లు ఊహించుకుని సంతోషపడ్డానో చెబితే నీకు అసహ్యం వేస్తుంది. నీ కొలువు దీనిమీదే ఆధారపడి ఉందని అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే మానేసేదాన్నని మాత్రం గట్టిగా చెప్పలేను.

మంగళవారం పొద్దున పుల్లాయనకి ఫోన్ చేశాను.

"ఆ రికార్డింగులో వాయించింది మా తమ్ముడు కాదండీ, కంప్యూటరు" అన్నాను.

"మీ తమ్ముడికి ఈ సంగతి తెలుసా?" అన్నాడు.

"తెలియదండీ. వాడి తప్పేం లేదు. పేరు నేనే రాశాను."

"నన్ను వెర్రివాణ్ణి చేశారు కదమ్మా."

"చేశానండీ."

"ఇక మీరు రాసినవేవీ నాకు పంపకండి" అన్నాడు. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు. "అంటే అతను ఎలా వాయిస్తాడో నేనింకా సరిగ్గా వినలేదన్నమాట. మీ కాగితాలు వచ్చే వారం గురువారం అతని స్టాండు మీదే ఉంటాయి. అప్పుడు వింటాను" అన్నాడు. నీ కొలువు సంగతి అడిగాను. అది గురువారం తర్వాత మాట్లాడదాం అని పెట్టేశాడు.

కనుక గురువారం నువ్వు వాయించాలి. ఈ కవరులో నాలుగో పేజీ ఉంది. నిన్న మధ్యాహ్నం నీ ఊగే కుర్చీలో కూర్చుని, ప్లే నొక్కి, సన్నటి స్ట్రా ఒకటి పెదాల మధ్య పెట్టుకుని ఆ వరస పొడుగునా ఊదాను. ఓబో వాడికి గాలి చాలకపోవడం కాదు కష్టం, లోపల మిగిలి పాచిపోయిన గాలి బయటికి పోయే దారి లేకపోవడం అని నువ్వు ఎప్పుడూ అనేవాడివి. నేను విన్నట్టు తల ఊపేదాన్ని. నిన్న ఇరవై సెకన్లకే తెలిసొచ్చింది. గుండె కొట్టుకుంటోంది, లోపలంతా గాలే, అయినా చచ్చిపోతానేమో అనిపించింది. మీ బావ పరుగున వచ్చి స్ట్రా లాక్కుని, "నీకేమైనా పిచ్చా?" అని అరిచాడు. మళ్ళీ తీసుకుని ఊదాను. డెబ్భై సెకన్లలో ఆరుసార్లు ఆగాను. ఆగిన ప్రతిచోటా ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడ వరస తెగినా అందం చెడకుండా స్వరాలు మార్చాను. రెండుచోట్ల చెడింది. చెడనీ.

ఆ ఆరు గుర్తులూ యాభై మూడేళ్ళ ఆడదాని ఊపిరి. నీకు అన్ని అక్కర్లేదు. చెరిపేసి నీవి పెట్టుకో.

నన్ను క్షమించమని అడగను. "నీకు కావలసింది తమ్ముడు కాదు, వాయిద్యం" అన్నావు చూడు, ఆ మాట నేనూ క్షమించలేదు. అందులో నిజముంది కనుక అసలే క్షమించలేదు. నువ్వు రావద్దు, నేనూ రాను. ఉత్తరం కూడా రాయనక్కర్లేదు. గురువారం వాయించాక, ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నావో నీ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఆ పేజీ ఒక్కటీ నాకు తిప్పి పంపు.

ఇట్లు,
పదిహేనేళ్ళు నీ పక్కనే కూర్చుని నీ ఊపిరి వినని
మీ అక్క