ఎర్రపుంజును కోయకు

హునీన్, జనవరి 14

అమ్మా, నేను కులాసాగా ఉన్నాను, నువ్వు మాత్రం ఆ ఎర్రపుంజును కోయకు! ఈ నడివేసవి ఎండలకు చిమెవీన్ నది మోకాలి లోతుకు దిగిపోయి, వారంగా ట్రౌట్ చేప ఒక్కటీ పడలేదు.

"ఇవాళా పడకపోతే మళ్ళీ వంటింట్లోకే పో, డెల్ఫీనా!" అన్నాడు నిన్న పొద్దున, నాకు అతిథులచేత చేపలు పట్టించే పని ఇచ్చిన మా విడిది యజమాని ఒవీడియో.

నిన్న పొద్దువాలగానే నీటిమీద రెక్కపురుగులు ముసురుకున్నాయి, చేపలు ఎగిరెగిరి అందుకుంటున్నాయి! నువ్వు ఆ పుంజు ఈకలతో కట్టిచ్చిన ఉత్తుత్తి పురుగును మా అతిథి గాలపు దారానికి ముడివేశాను.

"ఇదేంటమ్మాయ్, దిండులోంచి ఊడిందా?" అని నవ్వాడాయన.

మూడో విసురుకే మోచేయంత ట్రౌట్ పడింది, వెంటనే ఇంకో నాలుగు! ఆరోది పురుగునే తెంపుకుపోయింది. శుక్రవారం బస్సులో ఓ డజను కట్టి పంపు, మెడ ఈకలతోనే సుమా. కళ్ళజోడు బాగుచేయించుకున్నావా? బావిలో నీళ్ళున్నాయా?

ఈ ఉదయం ఒవీడియో నా గరిటె ఇంకొకరి చేతికిచ్చాడు.

నీ వేళ్ళకు ముద్దులు,
డెల్ఫీనా