బోర్డు మీద రెండో పేరు

చెల్లికి, అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను అని రాయబోయాను గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కుట్లు పడ్డ చోట దురద పెడుతోందని భయపడకు, ఏడు నెలలకు అది మామూలే. గోకనివ్వకు, మెత్తటి గుడ్డతో నెమ్మదిగా రుద్దు. లేని పాదం నొప్పి పెడుతోందని మరిదిగారంటే వింతగా చూడకు, అది నిజం నొప్పే. అమ్మకు కళ్ళజోడు మార్పించాను. ఇప్పుడు నేను ఊడ్చిన గదిలో దుమ్మంతా కనిపిస్తోందట. ఆవిడకు చూపొచ్చింది, నాకు గండం వచ్చింది.

పెట్టుడు కాలుకి కొలతలివ్వడానికి ఆయన రానంటున్నారని రాశావు. "చేసుకున్నవాడికి చేసుకున్నంత. నొప్పి దాచుకుని కూర్చున్నందుకు నాకిదే శిక్ష" అంటున్నారన్నావు. నువ్వూ విసిగిపోయి, "అవును, కాస్త ముందొచ్చి ఉంటే కాలు దక్కేదని అక్క ఆ రోజే చెప్పింది" అని దెప్పానన్నావు. నాలుగు రోజులుగా ఆ వాక్యం దాటి ముందుకు చదవలేకపోతున్నాను. ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను. నువ్వు ఎత్తుతూనే "తిన్నావా అక్కా" అన్నావు. తిన్నానని చెప్పి పెట్టేశాను.

మా ఆసుపత్రి పద్ధతి నీకు తెలియదు. ఎవరికెంత తొందరో డాక్టర్లు చీటీ రాసి పంపుతారు. ఆ చీటీలు చూసి, ఆపరేషన్ గది బయట బోర్డు మీద వరస రాసేది హెడ్ సిస్టర్‌నైన నేను. పన్నెండేళ్ళలో ఎవరి సిఫారసూ నా దగ్గర చెల్లలేదు. "ఆవిడ కన్నతల్లినైనా వరసలోనే నిలబెడుతుంది" అని ఆయాలు చెప్పుకునేవాళ్ళు. ఆ పేరంటే నాకు మహా మోజు, నీ దగ్గర దాపరికమెందుకు.

ఆ రోజు మీరు మా ఇంట్లోనే ఉన్నారు. ఏడింటికి ఆయనకు కాలు లాగడం మొదలైంది. తొమ్మిదింటికల్లా నువ్వు ఆసుపత్రికి తీసుకొచ్చావు. కాలికి రక్తం వెళ్ళే నాళంలో గడ్డ అడ్డం పడింది. రక్తనాళాల డాక్టరుగారు చూసి, "రెండు గంటలే అయింది. ఒంటిగంటలోపు గడ్డ తీస్తే కాలు నిలుస్తుంది. ముందు ఈయన్ని బల్ల ఎక్కించండి, వార్డు చూసి వచ్చేస్తాను" అని చీటీ నా చేతికిచ్చి వెళ్ళారు. ఆ రోజు నడుస్తున్నది ఒకటే గది, రెండోదాంట్లో దీపాలు బాగుచేస్తున్నారు.

బోర్డు మీద అప్పటికి మొదటి పేరు తుంటి ఎముక విరిగిన ఒక పెద్దావిడది. రెండుసార్లు వాయిదా పడి, రెండు రోజులుగా పస్తులుంది. ఆ పేరు చెరపబోతుంటే ఆవిడ కూతురు వెనకనుంచి అంది, "ఆయన మీ మరిదిగారటగా సిస్టర్. మావాళ్ళకైతే వరస, మీవాళ్ళకైతే దొడ్డిదారి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. దొంగతనం చెయ్యకుండానే తడుముకున్నాను. చీటీ జేబులో పెట్టుకుని, మరిదిగారి పేరు రెండోది రాశాను.

మత్తు డాక్టరమ్మ అడగనే అడిగింది, "కాలు కేసు ముందు కదా?" అని. "ఈవిడది గంటన్నరలో అయిపోతుంది డాక్టర్, పాపం పస్తులుంది" అన్నాను.

ఆ గంటన్నర నాలుగు గంటలైంది. ఎముక బిగిస్తుంటే నెత్తురు ఆగలేదు, బీపీ పడిపోయింది. రక్తం తెప్పించడం, ఎక్కించడం, తడిసిన గుడ్డలు లెక్కపెట్టడం, అన్నీ దగ్గరుండి చూశాను. రక్తనాళాల డాక్టరుగారు వచ్చి "ఈవిణ్ణి ముందు ఎవరు తీసుకోమన్నారు?" అంటే, "ఆవిడ పరిస్థితి బాగాలేదు సార్" అని అబద్ధమాడాను. బల్ల మీది మనిషిని సగంలో దింపలేం. మరిదిగార్ని వేరే ఆసుపత్రికి పంపినా దారిలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. ఆయన తల పట్టుకుని నిలబడ్డారు.

మధ్యలో ఒక్కసారి బయటికొచ్చి మరిదిగారి పాదం ముట్టుకున్నాను. చల్లగా ఉంది. "వేళ్ళు తెలియడం లేదు వదినా. పర్లేదులెండి, ముందు ఆ పెద్దావిడది కానివ్వండి" అన్నారు. తన వంతే ఆవిడకిచ్చానని ఆయనకు తెలియదు.

రెండింటికి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాం. గడ్డ బయటికి వచ్చింది గానీ కండ అప్పటికే చచ్చిపోయింది. మూడో రోజు కాలు తీసేశాక వరండాలో నా చెయ్యి పట్టుకుని "ఎందుకిలా అయింది అక్కా" అన్నావు. "కాస్త ముందొచ్చి ఉంటే దక్కేది" అన్నాను. ఆ మాట ఎలా నోరు జారిందో తెలియదని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. తెలిసే అన్నాను. నన్ను నేను కాపాడుకోవడానికి అన్నాను.

ఆ పెద్దావిడ మొన్న కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చి నాకు దణ్ణం పెట్టింది. ఆవిడ బతికినందుకు సంతోషమే. కూతుర్నీ తప్పు పట్టను. ఆ పిల్లకు ఏ రోగం ఎంత తొందరో తెలియదు, నాకు తెలుసు.

నిన్న పెద్ద డాక్టరుగారికి జరిగిందంతా రాసిచ్చాను. వాళ్ళేం చేస్తారో చెయ్యనీ. అమ్మకూ చెప్పాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. తర్వాత, "ముందు దానికి రాయి. ఆ తర్వాత నాతో మాట్లాడు" అని లోపలికెళ్ళిపోయింది.

నన్ను క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. తిట్టాలనుంటే తీరిగ్గా తిడుదువుగాని. ఈ పూట మాత్రం ఆయన పక్కన కూర్చుని ఈ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా పైకి చదువు. చదివాక కొలతలకు తీసుకెళ్ళు. ఆయన నాలుగు గంటలు చేతిలో ఉండగానే మా గుమ్మంలోకి వచ్చారు. ఆ నాలుగు గంటలూ నేను పోగొట్టాను. ఆయన వేళకే వచ్చారు, చెల్లీ.

ఇట్లు,
నీ తోడబుట్టినది,
అక్క